వాడికేం గుర్తుంటుందని!

అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ముందు టోకెన్ పట్టుకుని నిలబడ్డప్పుడు చేయడానికి పనేమీ ఉండదు. ఎదుటివాళ్ళ సంచులు చూసి వాళ్ళు ఢిల్లీ ఎందుకొచ్చారో ఊహించుకోవడం నాకు అలవాటు. ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకున్నవాళ్ళు ఎయిమ్స్‌లో చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు. వీపున పుస్తకాల సంచీ, కళ్ళ కింద నిద్రలేమి ఉంటే సివిల్స్ కోచింగు పిల్లలు. ప్లాస్టిక్ డబ్బాలో గంగాజలం కనబడితే హరిద్వారమో బదరీయో చూసుకుని, రైలుకి ఇంకా టైముంది కదా, ఒక్క పూట మన అన్నం తినిపోదామని ఆగినవాళ్ళు. ఈ జనం మధ్య ఎప్పుడు చూసినా ఒక చంటిపిల్లో చంటివాడో ఉంటారు. ఈ జూలైలో ఓ మధ్యాహ్నం నా ఎదుటి బల్ల దగ్గర ఒకమ్మాయి స్టీలు పళ్ళెం అంచున కాస్త పప్పన్నం వేరుచేసి, నెయ్యేసి మెత్తగా పిసికి, కారం తగులుతుందేమోనని ముందు తను రుచి చూసుకుని, ఒళ్ళో పిల్లాడికి పెడుతోంది. ఏడాదిన్నర ఉంటుందేమో వాడికి. పొద్దున్నే ఇండియా గేటు చూపించుకొచ్చారట. వాడి గుప్పిట్లో నలిగిన నేరేడుపండు ఒకటి ఉంది. ఎంత లాగినా ఇవ్వడం లేదు. పక్కన కూర్చున్న పెద్దాయన చూసి చూసి, "ఇంత ఎండలో పసివాణ్ణి ఎందుకమ్మా తిప్పడం, వాడికేం గుర్తుంటుందని?" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆ అమ్మాయి కూడా నవ్వి ఊరుకుంది. నాకే ఆ మాట అన్నం ముద్దతో పాటు దిగక గొంతులో నిలబడిపోయింది.

ఎందుకంటే సరిగ్గా అదే మాట మా ఇంట్లో కిందటి సంక్రాంతికి ముందు అందరి నోటా విన్నాను. మా అమ్మాయి నోయిడాలో ఉంటుంది. దాని కొడుక్కి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. వాణ్ణి తీసుకుని గుడివాడ దగ్గర మా ఊరు వెళ్ళి, మా అమ్మకి, అంటే వాడి తాతమ్మకి, చూపించి రావాలని నా పట్టు. పొగమంచు రోజులు, బండ్లు ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు చేరతాయో తెలీదు, పిల్లాడికి జలుబు, వేసవిలో వెళ్ళొచ్చుగా అని అల్లుడు మెత్తగానే అన్నాడు. ఆ తరవాత అసలు మాట వచ్చింది: వాడికెలాగూ గుర్తుండదు కదా అత్తయ్యా! నేను జవాబు చెప్పలేదు. జవాబు లేకపోవడం వల్ల కాదు, ఇంకో మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం వల్ల. మా అమ్మకి కూడా గుర్తుండదు. ఆవిడకి పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండడం లేదు. ఒకరికి జ్ఞాపకం ఇంకా మొదలవలేదు, ఒకరికి అయిపోవస్తోంది. ఈ ఇద్దర్నీ ఒకచోట కలపడానికి పదిహేడు వందల కిలోమీటర్లు బండెక్కాలని నేనెందుకు అంత మొండికేశాను?

సామాన్ల సంగతి చెప్పను, పసిపిల్లలతో రైలెక్కినవాళ్ళకి తెలుసు, ఎక్కనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఐదేళ్ళలోపు పిల్లలకి మన రైళ్ళలో టిక్కెట్టు అక్కర్లేదు, విడిగా బెర్తు కావాలంటే మాత్రం పెద్దవాళ్ళ ఛార్జీ కట్టాలి. చైనాలో చాలా ఏళ్ళపాటు ఈ లెక్క వయసుతో కాక ఎత్తుతో చూసేవారట. నూట ఇరవై సెంటీమీటర్ల గీత దాటని పిల్లలకి టిక్కెట్టు లేదు, 2023 నుంచి అక్కడా వయసు లెక్కే. పొడుగు పిల్లల తల్లిదండ్రులు ఎన్ని పోట్లాటలు పడి ఉంటారో! మా ఆర్టీసీ బస్సుల్లో పదేళ్ళ పిల్లాణ్ణి ఒళ్ళో కుదించుకుని "ఇంకా ఐదు నిండలేదండీ" అనే తల్లులు అక్కడ బతకలేకపోయేవారు, లేదా మోకాళ్ళు వంచి నడవడం నేర్పించేవారు. సరే, మా వాడు ఏ లెక్కన చూసినా టిక్కెట్టు లేని ప్రయాణికుడే. థర్డ్ ఏసీలో రెండు పక్కల గొలుసులకీ నా పాత వెంకటగిరి చీర కట్టి ఉయ్యాల వేస్తే, ఆగ్రా, చంబల్ లోయలు, గ్వాలియరు, ఝాన్సీ, ఇవన్నీ నిద్రలోనే దాటేశాడు. తెల్లారి లేచాక పెట్టె అంతా వాడిదే. ఎవరెవరి ఒళ్ళోకో వెళ్ళి వచ్చాడు. నాగపూర్‌లో ఎవరో నారింజ తొన వొలిచి పెట్టారు. దారిలో నర్మద వచ్చింది, వార్ధా వచ్చింది, మంచిర్యాల దాటాక గోదావరి వచ్చింది. ఏసీ పెట్టెలో కిటికీ తెరుచుకోదు గనక రూపాయి బిళ్ళ వేసే వీల్లేక అద్దానికే దణ్ణం పెట్టి, "చూడు నాన్నా, గోదారి!" అన్నాను. వాడు అద్దం మీద పాకుతున్న ఈగని చూస్తున్నాడు.

ఇదే అసలు పేచీ. మనం చూపించేది వాళ్ళు చూడరు. అశోకా రోడ్డునే తీసుకోండి. నాలాంటి పెద్దవాళ్ళకి ఆ రోడ్డులో అడుగడుక్కీ కథలే. ఇండియా గేటు కొసన లుట్యెన్స్ నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌసు, ఇప్పుడక్కడ విదేశాల ప్రధానులకి విందులు. దాన్నానుకుని మన భవన్. 2014లో రాష్ట్రం రెండయ్యాక యాభై ఎనిమిదికి నలభై రెండు చొప్పున దాని గదులకీ నేలకీ వాటాలు తేల్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. అటు విండ్సర్ ప్లేస్ దాటి, పటేల్ చౌక్ దాటి వెళితే గోల్ డాక్‌ఖానా, బంగ్లా సాహిబ్ గురుద్వారా. ఇంత చరిత్ర నడుముకి కట్టుకుని నేను నడుస్తుంటే రెండడుగుల మనిషికి కనబడేది మురుగు జాలీ, కారు చక్రం, సెక్యూరిటీ పెట్టె పక్కన పడుకున్న కుక్క, వానాకాలంలో కాలిబాట నిండా నేరేడుపళ్ళు రాలి పడ్డ ఊదా మరకలు. వాడి రోడ్డు వాడికుంది. నా రోడ్డు వాడికి గుర్తుండదని బాధపడడంలో అర్థముందా? వాడి రోడ్డు నాకు గుర్తుందా ఏమిటి?

నాకూ ఒక చంటితనపు ప్రయాణం ఉంది, మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్నది. మా నాన్నకి ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. ఆర్.కె.పురం క్వార్టర్స్. ఆ రోజుల్లో ఢిల్లీ తెలుగువాళ్ళకి పిల్లలు తెలుగు మర్చిపోతారన్న బెంగ ఎక్కువ. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిందీ ఈ బెంగ చూసే. నేనూ ఆ సొసైటీ బడిలోనే చదివాను. బడి వయసు రాకముందు తెలుగు మర్చిపోనివ్వని ఆ పని సెలవుల్లో జి.టి. ఎక్స్‌ప్రెస్ చేసేది. నాకు రెండేళ్ళప్పుడు అలా ఊరెళుతుంటే బల్లార్షాలో మా నాన్న మట్టికూజా పట్టుకుని నీళ్ళకి దిగారట. బండి కదిలిపోయిందట. ఆయన పరిగెత్తి వెనక పెట్టెలో ఎక్కారని ఇక్కడ ఎవరికీ తెలీదు. మా అమ్మ బిక్కచచ్చిపోయి కూర్చుంటే, నేను మాత్రం తరవాతి స్టేషను దాకా పెట్టె అదిరేలా ఏడ్చానట. ఆయన కూజాతో సహా తిరిగొచ్చాక నీళ్ళు తాగకుండా, కూజాని కావలించుకుని పడుకున్నానట. ఈ కూజా నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఎర్రది, మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది, కింద తడి. అంత స్పష్టంగా కనబడేదాన్ని జ్ఞాపకం అనకపోతే ఏమనాలి?

కానీ ఒక చిక్కుంది. మా పెదనాన్న బతికున్నంతకాలం అది బల్లార్షా కాదు, ఇటార్సీ అని వాదించేవారు. మా నాన్న చివరి రోజుల్లో ఒకసారి ఈ కథ వస్తే, "నేను బండి దిగనేలేదే, నీళ్ళు పక్కాయన తెచ్చిచ్చాడు" అని మా అందరి నోళ్ళూ తెరిపించారు. అంటే నేను ఎవరి కోసం ఏడ్చినట్టు? నా కంటికి కనబడే ఆ పెచ్చూడిన కూజాని ఎవరు నా తలలో పెట్టినట్టు?

అది తేల్చుకుందామని పసితనపు జ్ఞాపకాల మీద దొరికినవి చదివాను. పిల్లల మొదటి ఏళ్ళ జ్ఞాపకాలు పెద్దయ్యాక దొరకవని ఫ్రాయిడ్ 1905లోనే రాశాడు, ఆయన చెప్పిన కారణాలు ఇప్పుడెవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. అమెరికాలో కేరొలిన్ రోవీ కోలియర్ అనే పరిశోధకురాలు తన పసికొడుకు ఆడుకుంటుంటే తను పని చేసుకోవచ్చని వాడి కాలికో రిబ్బను కట్టి, ఆ కొస ఉయ్యాల మీది బొమ్మకి తగిలించింది. కాలు ఆడిస్తే బొమ్మ ఊగుతుంది. మర్నాడు బొమ్మని చూడగానే వాడు కాలు ఆడించడం మొదలుపెట్టాడు. అంటే గుర్తుంది! ఆ ఒక్క రిబ్బను నుంచి ఆవిడ జీవితకాలం పరిశోధన చేసింది. ఆరు నెలల పిల్లలకి అలాంటి సంగతి రెండు వారాలు నిలుస్తుందట, ఏడాదిన్నర పిల్లలకి పదమూడు వారాల వరకూ. టొరంటోలో 2014లో ఇంకో జంట, షీనా జాసెలిన్, పాల్ ఫ్రాంక్లాండ్, ఎలుక పిల్లల మీద చూసి చెప్పిందేమిటంటే, పసి మెదడులో కొత్త కణాలు అంత జోరుగా పుట్టుకొస్తాయి గనకనే పాత గురుతులు చెరిగిపోతాయని. ఎదగడం, మర్చిపోవడం ఒకే పని అన్నమాట. అంతదాకా బాగానే ఉంది. నన్ను నిలబెట్టింది మాత్రం చీ వాంగ్ అనే చైనా ఆవిడ చేసిన పని. కార్నెల్‌లో ఉంటుంది. అమెరికా వాళ్ళకి సగటున మూడున్నరేళ్ళ నాటి సంగతి మొట్టమొదటి జ్ఞాపకమైతే, చైనా వాళ్ళకి అంతకు దాదాపు ఆరు నెలల తరవాతిది. న్యూజీలాండ్ మావోరీలకి మూడేళ్ళు నిండకముందువి కూడా గుర్తుంటాయని ఇంకొకరు తేల్చారు. మెదళ్ళు వేరని కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలతో జరిగిపోయినదాన్ని గురించి ఎంత మాట్లాడతారు, ఎలా మాట్లాడతారు అన్నదాని మీద ఉందట ఇదంతా. మావోరీల ఇళ్ళల్లో పాత ముచ్చట్లు ఎక్కువట. మా ఇల్లు ఎవరైనా కొలిస్తే ఎంత వస్తుందో! బల్లార్షా ఇటార్సీ గొడవ ఒక్కటి చాలు, ప్రపంచ రికార్డు మాదే.

మా వాడి విషయంలో ఆ పదమూడు వారాల లెక్క నేను కళ్ళారా చూశాను. ఊళ్ళో అమ్మ నులకమంచం కింద కోళ్ళు దూరేవి. వాడు బోర్లా పడుకుని "బా, బా" అని పిలిచేవాడు. నోయిడా తిరిగొచ్చాక కొన్నాళ్ళపాటు పొద్దున లేవగానే డబుల్‌కాట్ కిందకి వంగి "బా, బా" అనేవాడు. అక్కడ వాళ్ళ నాన్న చెప్పులూ, ఒక సూట్‌కేసూ తప్ప ఏమీ లేవు. కాసేపు చూసి లేచిపోయేవాడు. హోలీ దాటాక ఆ వంగడం మానేశాడు. ఎప్పుడు మానేశాడో మా అమ్మాయీ నేనూ ఎవరం సరిగ్గా చెప్పలేం. మొదటి మాట, మొదటి అడుగు తారీకులతో రాసుకుంటాం గానీ మర్చిపోయిన రోజుని ఎవరు రాసుకుంటారు?

గుర్తుండకపోవడం అందరికీ ఇంత తేలికైన సంగతి కాదని కూడా తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి రెండేళ్ళకోసారి సెలవు. కడుపులో ఉన్నప్పుడు వదిలి వెళ్ళిన పిల్లని మొదటిసారి చూడ్డానికి వచ్చిన తండ్రిని చూసి ఆ పిల్ల తల్లి కొంగులో మొహం దాచుకుని ఏడుస్తుంది. దానికి నాన్నంటే ఫోను. మనిషి రూపంలో వచ్చిన నాన్న దానికి పరాయివాడు. అలవాటు పడి మెడ చుట్టూ చేతులు వేసే వేళకి అతని సెలవు అయిపోతుంది. చైనాలో ఇది ఇంకా పెద్ద ఎత్తున జరుగుతోంది. పట్నాల్లో ఫ్యాక్టరీ పనులకి వెళ్ళిన తల్లిదండ్రులు పల్లెల్లో వదిలిన పిల్లలు ఆరు కోట్ల పైచిలుకని అక్కడి మహిళా సమాఖ్య 2013లో చెప్పింది. వసంత పండగకి నలభై రోజులపాటు దేశమంతా రైళ్ళెక్కి ఊళ్ళకి పోతుంది. నిలబడి, కూలబడి, బస్తాల మీద కూర్చుని వెళ్ళేది చాలావరకు ఈ పిల్లల మొహం చూడ్డానికే. అక్కడ పసివాడు కదలడు, అమ్మానాన్నలే చుట్టాల్లా వస్తారు. పండగ అయ్యాక వెళ్ళిపోతారు. వాళ్ళని పట్టుకుని "వాడికేం గుర్తుంటుందని?" అనే ధైర్యం నాకు లేదు. మా వాడు తల్లి ఒళ్ళో కూర్చుని ఊరెళ్ళాడు, తల్లి ఒళ్ళో కూర్చుని తిరిగొచ్చాడు. ఆ లెక్కన మాది విలాస ప్రయాణం.

ఇంతకీ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పలేదు. మేం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మర్నాడు పొద్దున అమ్మ మంచం మీద కూర్చుని మా వాణ్ణి చూసి, "ఎవరమ్మా ఈ పిల్లాడు, మా సుబ్బులు తమ్ముడా?" అంది. సుబ్బులు ఎవరో మా ఎవరికీ తెలీదు. మునిమనవడని చెప్పాం. అలాగా అంది. ఓ గంట తరవాత మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాం. పిల్లాడికీ ఆవిడతో పేచీ లేదు, అదే ఆటని ఆవిడతో ఎన్నిసార్లయినా ఆడేవాడు. ఆవిడ చెంచా దాస్తుంది, వాడు వెతుకుతాడు, దాచిన సంగతి ఆవిడా మర్చిపోతుంది. ఇద్దరికీ అది ప్రతిసారీ కొత్తే. నాకు నవ్వొచ్చింది, కాసేపటికి నవ్వు రాలేదు. భోగి నాటి సాయంత్రం వాడికి రేగిపళ్ళు పోశాక, అందరూ ఉన్నప్పుడు, అమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది. "ఏరా, బల్లార్షాలో మీ నాన్న నీళ్ళకి దిగితే ఎంత ఏడ్చావురా! బండి ఆగిపోతుందనుకున్నాం. కూజా వదిలావు కావు!" ఎక్కడా తడబాటు లేదు. స్టేషను పేరు, కూజా, వెనక పెట్టె, అంతా వరసలో ఉంది. ఒక్క నేనే ఆ కథలో లేను. నా బదులు వీడున్నాడు.

మా అమ్మాయి నా వైపు చూసింది. సరిదిద్దుతానేమో అనుకుంది. నోరు తెరిచాను కూడా. అరవయ్యేళ్ళు నాదనుకున్న కథ అది. నా మొండితనానికి, నీళ్ళ భయానికి, మా నాన్న మీద ప్రేమకి మా ఇంట్లో దాన్నే రుజువుగా చూపించేవారు. దాన్ని నా కళ్ళముందే తీసి రెండేళ్ళు నిండని పిల్లాడి చేతిలో పెట్టేస్తే ఊరుకోవాలా? అయినా నాది అనడానికి నా దగ్గరేముంది? వాళ్ళు చెప్పకపోతే నాకు ఆ బండీ లేదు, ఆ ఏడుపూ లేదు. మా నాన్న దిగనేలేదన్నారు. నేను చూశాననుకునే పెచ్చు కూడా బహుశా మా వంటింట్లో తరవాతెప్పుడో చూసిన ఇంకో కూజాది కావచ్చు. నాకు వాళ్ళు ఇచ్చిందే ఇప్పుడు వాడికిచ్చింది. వాడు దాన్ని మోసుకు తిరుగుతాడా అంటే, అది వాడి చేతిలో లేదు, మాలో ఎవరో ఒకరు వాడికి మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే తేలలేదు. బల్లార్షాలో ఏడ్చింది నువ్వే అని చెప్పాలా, మీ అమ్మమ్మ అని చెప్పాలా, మీ తాతమ్మ అలా అనుకుంది అని చెప్పాలా? మూడోదే నిజం. కానీ పిల్లలకి చెప్పే కథలో అన్ని మెలికలుంటే నిద్ర పట్టదు. మా అల్లుడు ఫోనులో వీడియో తీశాడు. అందులో అమ్మ గొంతు కన్నా బయట హరిదాసు చిడతల చప్పుడే ఎక్కువుంది. పెద్దయ్యాక వాడు అది చూస్తే ఏమనుకుంటాడో! తన తలలో లేని ప్రయాణాన్ని చేతిలో ఫోనులో చూసుకునే మొదటి తరం వాళ్ళు. నాకు కూజా ఊహించుకునే చోటుంది, వీడికి ఆ చోటు వీడియో ఉంచుతుందా అని నా అనుమానం. అనుమానమే, గట్టిగా చెప్పలేను.

క్యాంటీన్‌లో ఆ పెద్దాయనతో ఇదంతా చెప్పొచ్చు, చెప్పలేదు. అన్నం తిని చేయి కడుక్కుని వచ్చేసరికి ఆయన పాలకూర పప్పు రెండోసారి వడ్డించమని అడుగుతున్నారు. పిల్లాడి తల్లి వాడి గుప్పిట విప్పించే ప్రయత్నం మానేసి ఆ ఊదా చేతికే రుమాలు చుట్టింది.

మా ఇంట్లో మళ్ళీ సంక్రాంతి మాట మొదలైంది. రిజర్వేషను ఇదివరకటిలా నూట ఇరవై రోజుల ముందు కాదు, 2024 నవంబరు నుంచి అరవై రోజుల ముందే ఇస్తున్నారు. కాబట్టి నవంబరులో పొద్దున ఎనిమిదింటికి అందరం ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి. వాడికి ఐదు నిండలేదు కాబట్టి టిక్కెట్టు అవసరం లేదని నేను, ఈసారి చీర ఉయ్యాలలో పట్టడు గనక పూర్తి ఛార్జీ కట్టి బెర్తు తీసుకోవాలని మా అమ్మాయి. వాడు రాత్రంతా నా పక్కలోనే దొర్లుతాడని నాకు తెలుసు, దానికీ తెలుసు. అయినా దాని మాటే నెగ్గేలా ఉంది. అల్లుడు ఈసారి ఏమీ అనలేదు. బల్లార్షాలో బండి ఎంతసేపు ఆగుతుందో మాత్రం టైంటేబుల్లో చూస్తున్నాడు.